ఆవుకు వేయని సూది

మార్చి నెల ఓపీ చీటీ ఒకటి నా టేబుల్ అద్దం కింద పెట్టుకున్నాను. అందులో నా చేతిరాతతోనే "ఇతర మందులు: ఏమీ లేవు" అని ఉంటుంది. ఆ చీటీ మనిషి మళ్ళీ నా దగ్గరికి వచ్చింది పెరటాసి (సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా ఉండే తమిళ నెల) మూడో శనివారం దాటాక, మంగళవారం సాయంత్రం, వీల్‌చైర్‌లో. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ మార్చిలో 0.9, ఆ రోజు 3.4. ఈ కేసులో నా వాటా కూడా ఉంది కాబట్టే దాచకుండా రాస్తున్నాను. పేరు, ఊరు చెప్పను. మనిషిని పట్టిచ్చే వివరాలు కొన్ని మార్చాను. ఆమె సరేనన్నాకే రాయడం మొదలుపెట్టాను.

47 ఏళ్ళు, 54 కిలోలు. పాకాల వైపు పల్లె, ఇంట్లో నాలుగు పాడి ఆవులు. ఇరవై రెండో ఏట నుంచి మైగ్రేన్: ఒక పక్క సుత్తితో కొట్టినట్టు పోటు, వెలుతురు గిట్టదు, వాంతి అయితే గానీ దిగదు, నెలసరికి ముందు రెండు రోజులు తప్పనిసరి. ఈ సంగతి మార్చిలో ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు. అప్పుడు వచ్చింది బీపీకి. 158/96 ఉంది. టెల్మిసార్టాన్ 40, హైడ్రోక్లోరోథయజైడ్ 12.5 కలిసిన మాత్ర రాసి, ఉప్పు తగ్గించమని చెప్పి పంపాను. బయట ఇంకా ముప్పై మంది ఉన్నారు.

జరిగింది ఇదీ. శనివారం ఒక్కపొద్దు. తెల్లవారుజామున మూడింటికి లేచి పాలు పితికి, బీపీ మాత్ర వేసుకుని, కూతురితో కలిసి అలిపిరి నుంచి నడక మొదలుపెట్టింది. 3,550 మెట్లు, దాదాపు తొమ్మిది కిలోమీటర్లు. గాలిగోపురం చేరేసరికే తలనొప్పి మొదలైంది. ముందురోజు నిద్ర లేదు, కడుపులో ఏమీ లేదు, మైగ్రేన్‌కు ఇంకేం కావాలి? ఒక మాత్ర వేసుకుంది. మోకాళ్ళ పర్వతం దగ్గర మోకాళ్ళు పట్టేశాయి, ఇంకో మాత్ర. దర్శనానికి కంపార్టుమెంట్లో కూర్చుంటే ఒంటికి పోవడానికి ఇబ్బంది అని నీళ్ళు గొంతు తడుపుకునేంతే తాగింది. ఆడవాళ్ళు ఇది చాలామంది చేస్తారు, అడిగితే తప్ప చెప్పరు. ఆదివారం బస్సులో ఇంటికి. మోకాలు వాచింది, తలనొప్పి దిగలేదు, రెండు వాంతులు. సోమవారం ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర ఒక సూది. మంగళవారం పొద్దున్నుంచి మూత్రం రాలేదు. సాయంత్రం కళ్ళు తిరిగి పశువుల కొట్టంలో కూర్చుండిపోయింది.

నేను చూసేసరికి నాలుక ఎండిపోయి ఉంది. పడుకోబెడితే బీపీ 92/60, లేపి కూర్చోబెడితే పైది 78. నాడి 112. జ్వరం లేదు. కాలివేళ్ళు చల్లగా ఉన్నాయి, పాదాల దగ్గర నాడి మాత్రం అందుతోంది. ఈ కాలివేళ్ళ సంగతి తర్వాత వస్తుంది.

పశువులతో పని, వానాకాలం చివర, మూత్రం తగ్గింది అనగానే మాకు ముందు లెప్టోస్పైరోసిస్, అంటే జంతువుల మూత్రం నుంచి సోకే జబ్బు, తోస్తుంది. కానీ జ్వరం లేదు, కళ్ళు ఎర్రగా లేవు, బిలిరుబిన్ మామూలే. అన్ని మెట్లు ఎక్కింది కదా, కండరాలు దెబ్బతిని ఆ వ్యర్థం కిడ్నీలో అడ్డుపడిందా? కండరాలు దెబ్బతింటే పెరిగే సీపీకే 410 మాత్రమే, అంతటి పని చేసే అంకె కాదు. ప్లేట్‌లెట్లు 2.4 లక్షలు, డెంగీ పరీక్ష నెగటివ్. అల్ట్రాసౌండ్‌లో రెండు కిడ్నీలూ మామూలు సైజు, ఎక్కడా అడ్డు లేదు. యూరియా 118, పొటాషియం 5.7, హిమోగ్లోబిన్ 9.1. ఈసీజీలో పొటాషియం తాలూకు మార్పులు లేవు. మూత్రంలో రక్తకణాలు లేవు. అంటే కిడ్నీకి జబ్బు వచ్చి కాదు, కిడ్నీకి రక్తం అందక.

"ఏ మందులు వాడుతున్నారమ్మా?" అని అడిగాను.

"మందులా? ఏం ల్యా మేడం. బీపీ మాత్ర వొగటే. అది మీరు రాసిందే."

"నొప్పులకేమన్నా?"

"తలకాయ నొస్తే ఎప్పుడన్నా వొగటి ఏసుకుంటా. అది గూడా మందు కిందికొస్తాదా?"

అక్కడ నాకు మార్చి చీటీ గుర్తొచ్చింది. ఆమె అబద్ధం చెప్పలేదు. మన జనం లెక్కలో మందు అంటే డాక్టరు రాసిచ్చేది, జబ్బుకు రోజూ వాడేది. నొప్పి మాత్ర మందు కాదు, అది కాఫీ లాంటిది. మేం అడిగే ప్రశ్న మా భాషలో ఉంటుంది, వాళ్ళిచ్చే జవాబు వాళ్ళ భాషలో నిజంగానే ఉంటుంది.

కొడుకును ఫోన్‌లో పట్టుకుని, ఇంట్లో మాత్రలున్న డబ్బా ఏదైతే అది, ఏరకుండా మొత్తం తెమ్మన్నాను. రాత్రి తొమ్మిదింటికి బట్టల షాపు కవరొకటి తెచ్చాడు. మంచం మీద దుప్పటి పరిచి అందులో బోర్లించాం.

తొమ్మిది రకాలు. ఎసిక్లోఫెనాక్, పారాసెటమాల్ కలిసినది ఒకటి, దాన్ని ఆమె "మోకాళ్ళ మాత్ర" అంటుంది. ఆ రెండిటికీ సెరాషియోపెప్టిడేజ్ చేర్చిన వేరే కంపెనీ షీటు ఇంకొకటి, అది "వాపు మాత్ర". నాప్రోక్సెన్‌కు వాంతి మందు కలిపినది "తలనొప్పి మాత్ర". ఎర్గోటమైన్, కెఫీన్, పారాసెటమాల్, ప్రోక్లోర్‌పెరజైన్ నాలుగూ కలిసినది "పెద్ద తలనొప్పి మాత్ర". ఉత్త పారాసెటమాల్ 650. నిమెసులైడ్‌తో పారాసెటమాల్ కలిసినది నాలుగు మాత్రల ముక్క, ఆషాఢంలో జొరం వస్తే తెచ్చుకున్నది. కూతురి నెలసరి కడుపునొప్పికి మెఫెనమిక్ యాసిడ్, డైసైక్లోమైన్ కలిసిన షీటు. గ్యాస్ మాత్ర పాంటోప్రజోల్. చివరగా, వరుసలో ఒక్కటి కూడా తప్పకుండా నొక్కి తీసిన బీపీ షీటు.

సగానికి పైగా కత్తెరతో కత్తిరించిన ముక్కలే. షీటు కత్తిరిస్తే పేరు సగం ఒకరింటికి, ఎక్స్‌పైరీ తేదీ ఇంకొకరింటికి పోతాయి. ఒక ముక్క మీద "ఫెనాక్" అన్న చివరి అక్షరాలే మిగిలాయి. ఆ కాసిని అక్షరాలు పట్టుకుని మా నర్సు, నేను వెలుతురుకు ఎత్తి చూస్తూ పది నిమిషాలు గడిపాం. చివరికి మాత్ర రంగు చూసి కూతురే గుర్తుపట్టింది.

ఆదివారం ఒక్కరోజు లెక్క కాగితం మీద వేశాను. మోకాళ్ళ మాత్ర రెండు, వాపు మాత్ర రెండు, తలనొప్పి మాత్ర ఒకటి, 650 మూడు. ఆమె దృష్టిలో ఇవి నాలుగు బాధలకు నాలుగు రకాలు. లోపలి సరుకు చూస్తే ఎసిక్లోఫెనాక్ 400 మిల్లీగ్రాములు (రోజుకు 200 దాటకూడదు), దాని మీద అదే జాతి నాప్రోక్సెన్ 500. పారాసెటమాల్ మూడు పేర్ల మీద కలిపి 3,250. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకు పారాసెటమాల్ రోజుకు 4,000 వరకు అంటాం గానీ, బక్కపలచని మనిషికి, ఉపవాసం ఉన్నవాళ్ళకు, తాగుడు అలవాటున్నవాళ్ళకు, కాలేయం బాగోలేనివాళ్ళకు నేను 2,000 నుంచి 3,000 లోపే ఆపుతాను. అదృష్టం కొద్దీ కాలేయం పరీక్షలు బాగానే ఉన్నాయి. సోమవారం సూది డైక్లోఫెనాక్ 75. వీటి మధ్యలో వాంతులైనా, మూత్రం తగ్గినా, మంగళవారం పొద్దున దాకా బీపీ మాత్ర మాత్రం తప్పలేదు. చెప్పిన మాట వినే రోగి అంటే ఇంకెలా ఉంటారు!

నొప్పి మందు, బీపీ మాత్రలో ఉన్న రెండు మందులు, ఈ మూడూ విడివిడిగా చూస్తే ఏదీ విషం కాదు. చిక్కు మూడూ ఒకేచోట కలవడంలో ఉంది. కొడుక్కి చెరువు పోలికతో చెప్పాను, ఇక్కడ అందరికీ తెలిసిన పోలిక అదే. కిడ్నీలో వడపోత జరగాలంటే లోపల కొంత ఒత్తిడి నిలవాలి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు లోపలికి వచ్చే కాలువను తెరిచి ఉంచేవి ప్రోస్టాగ్లాండిన్లు, ఒంట్లోనే తయారయ్యే రసాయనాలు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, నాప్రోక్సెన్, ఐబూప్రొఫెన్ నొప్పి తగ్గించేది ఆ ప్రోస్టాగ్లాండిన్లను ఆపే. ఈ కీలకం 1971లో బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ వేన్ బయటపెట్టాడు, ఆ పరిశోధనలకే 1982లో నోబెల్ పంచుకున్నాడు. బయటికి పోయే తూమును బిగించి మట్టం నిలబెట్టే పని యాంజియోటెన్సిన్ అనే హార్మోనుది, టెల్మిసార్టాన్ దాన్ని అడ్డుకుంటుంది. హైడ్రోక్లోరోథయజైడ్ ఉన్న నీళ్ళను తోడేస్తుంది. కాలువ మూసుకుంది, తూము తెరుచుకుంది, చెరువులో నీళ్ళూ లేవు. ఇక మడికి ఏం పారుతుంది?

"గ్యాస్ మాత్ర కూడా వేసుకుంది కదా మేడం" అన్నాడు కొడుకు. ఈ మాట వారానికి ఇద్దరన్నా అంటారు. గ్యాస్ మాత్ర కాపాడితే కడుపును కాపాడుతుంది, అదీ పూర్తిగా కాదు. కిడ్నీని అది కాపాడదు.

ఆర్‌ఎంపీ వేసిన సూది పేరు చెప్పగానే, అప్పటిదాకా కళ్ళు మూసుకుని ఉన్న ఆమె కళ్ళు తెరిచింది. "ఆ సూది ఆవుకు ఏయనీరు మేడం. మా పశువుల డాక్టరు ఒద్దంటాడు. మనుషులకైతే ఏస్తారా?"

నేను నవ్వలేదు. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. డైక్లోఫెనాక్ వేసిన పశువు చచ్చిపోతే ఆ కళేబరం తిన్న రాబందులు కిడ్నీలు చెడి చచ్చిపోతున్నాయని 2004లో తేలింది. 2006లో మన దేశంలో పశువులకు దాన్ని నిషేధించారు. మనుషుల కోసం చేసిన పెద్ద సీసాలు కొట్టాల్లోకి పోతున్నాయని 2015లో సూది మందును 3 మిల్లీలీటర్ల సీసాకు పరిమితం చేశారు. 2023లో ఎసిక్లోఫెనాక్, కీటోప్రొఫెన్ కూడా పశువులకు నిషేధించారు, ఎందుకంటే అవీ రాబందులకు ప్రమాదమే. ఆవు ఒంట్లో ఎసిక్లోఫెనాక్ డైక్లోఫెనాక్‌గానే మారుతుంది. మనిషి రాబందు కాదు, నిజమే, మన కిడ్నీ అంత సుకుమారం కాదు. కానీ నీళ్ళింకిపోయి, బీపీ పడిపోయి ఉన్న మనిషికి ఆ సూది వేసేముందు నాడి పట్టుకుని చూడాల్సింది. ఆయన చూశాడో లేదో ఆమెకు గుర్తు లేదు.

వైద్యం చెప్పుకోదగ్గంత ఏమీ లేదు. నొప్పి మందులన్నీ, బీపీ మాత్రా ఆపాం. సెలైన్ ఎక్కిస్తూ ఊపిరితిత్తులు వింటూ గంటగంటకూ మూత్రం కొలిచాం. కిడ్నీ డాక్టరు కూడా చూసి, డయాలసిస్ తొందర లేదన్నారు. బుధవారం క్రియాటినిన్ 3.6కి పోయి నన్ను భయపెట్టింది గానీ అప్పటికే మూత్రం గంటకు 40 మిల్లీలీటర్లు వస్తోంది, పొటాషియం 4.9కి దిగింది. నాలుగో రోజుకు 2.6. ఆరో రోజు ఇంటికి పంపాం. ఆరు వారాలకు 1.0.

అసలు కష్టం కిడ్నీతో కాదు, తలతో వచ్చింది.

చేరిన మూడో రోజు రాత్రి ఆమె చీర కొంగుతో తల బిగించి కట్టుకుని, మంచం మూలకు ముడుచుకుని, వార్డులో లైటు ఆర్పమని ఏడ్చింది. "వొక్క మాత్ర ఇచ్చేయండి మేడం, కిడ్నీ పోతే పోనీ" అంది. ఇది నేను ఎదురుచూస్తున్నదే. అంతకుముందు మధ్యాహ్నం కూతురు తన ఫోన్‌పే తెరిచి, పాల కేంద్రం పక్కన ఉన్న మెడికల్ షాపుకు సెప్టెంబరులో ఎన్నిసార్లు డబ్బు పోయిందో లెక్కపెట్టింది. పద్నాలుగు సార్లు. బీపీ మాత్రది ఒక్కటి తీసేస్తే పదమూడు. ఇరవై, ముప్పై రెండు, నలభై ఎనిమిది, ఇలా చిల్లర మొత్తాలు. ఒక్కోసారి మూడు నాలుగు మాత్రలు. అమ్మ, కూతురు కూర్చుని తేదీలు గుర్తుచేసుకుంటే నెలలో 22 రోజులు ఏదో ఒక నొప్పి మాత్ర పడింది. "ఎప్పుడన్నా వొగటి" అసలు లెక్క అది.

మైగ్రేన్ ఉన్నవాళ్ళు మామూలు నొప్పి మాత్రలు నెలకు 15 రోజులు లేదా అంతకు పైన, కలయిక మాత్రలైతే, ఎర్గోటమైన్, ట్రిప్టాన్ లాంటి మైగ్రేన్ మందులైతే 10 రోజులు లేదా ఆ పైన, మూడు నెలలు దాటి వాడితే మాత్రే తలనొప్పిని పుట్టిస్తుంది. ఇక్కడ మాత్రల సంఖ్య కాదు, రోజుల సంఖ్య ముఖ్యం. మందు దిగేసరికి నొప్పి, నొప్పికి మళ్ళీ మందు. ఆపితే మొదట ముదురుతుంది, వారం పది రోజులు నరకం, ఆ తర్వాత తేలికపడుతుంది. దీన్ని ముందే చెప్పకపోతే రోగి మూడో రోజే పారిపోతాడు. నేను చెప్పే ఉన్నాను, అయినా ఆ రాత్రి ఆమె నన్ను తిట్టిన తిట్లు మా నర్సులు ఇంకా గుర్తుచేస్తారు. వాంతికి ఒక ఇంజెక్షన్, పారాసెటమాల్ 650 ఒకసారి, తడిగుడ్డ, చీకటి. అంతే ఇచ్చాను. మైగ్రేన్ పదేపదే రాకుండా రాత్రికి ఎమిట్రిప్టిలిన్ 10 మొదలుపెట్టాను, రెండు వారాలకు 25 చేశాను. ఆమె మూడింటికి లేచి పాలు పితకాలి, అందుకని పడుకునేటప్పుడు కాకుండా రాత్రి ఎనిమిదికే వేసుకోమన్నాను. లేకపోతే తెల్లారి మత్తులో ఆవు తన్నినా తెలియదు.

ఇంకా రెండు సంగతులు ఈ కవరులోంచే బయటపడ్డాయి. ఒకటి హిమోగ్లోబిన్. కిడ్నీ కోలుకున్నాక ఎండోస్కోపీ చేయిస్తే కడుపు కింది భాగంలో పుండ్ల లాంటి ఒరుపులు, కడుపులో పుండ్లు పుట్టించే హెచ్ పైలోరీ బ్యాక్టీరియా కూడా ఉంది. ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా రక్తం పోతున్నా గ్యాస్ మాత్ర మంటను కప్పిపెట్టింది, ఆమె నీరసాన్ని వయసు మీద వేసుకుంది. రెండోది ఆ చల్లటి కాలివేళ్ళు. బీపీ పడిపోతే వేళ్ళు చల్లబడతాయి, నిజమే. కానీ శనివారం క్యూలో "పెద్ద తలనొప్పి మాత్ర" రెండు వేసుకుంది. ఎర్గోటమైన్ రక్తనాళాలను బిగించేస్తుంది. వేళ్ళు తిమ్మిరెక్కడం ఆమెకు ఏడాదిగా ఉంది, చలికి అనుకుంది. హెచ్ పైలోరీకి ఇచ్చే పద్నాలుగు రోజుల కిట్‌లో క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఉంటుంది. అది ఎర్గోటమైన్‌ను ఒంట్లోంచి పోనివ్వదు, రెండూ కలిస్తే వేళ్ళు నల్లబడే దాకా పోవచ్చు. అందుకే ఆ షీట్లు ఇంట్లో ఒక్కటీ లేవని కూతురితో వెతికించి, ఫోటో పెట్టించుకున్నాకే కిట్ రాశాను. ఫోటోలో ఖాళీ డబ్బా అడుగున ఒక పిన్నీసు, రెండు రూపాయి బిళ్ళలు ఉన్నాయి.

మార్చిలో నేను చూసిన 158/96 మీద కూడా ఇప్పుడు నాకు అనుమానమే. ఈ జాతి నొప్పి మాత్రలు ఉప్పునూ నీటినీ ఒంట్లో ఆపి బీపీ పెంచుతాయి. మందులన్నీ ఆపిన ఆరు వారాలకు ఆమె బీపీ 142/88. ఎమ్లోడిపిన్ అనే వేరే బీపీ మాత్ర 2.5తో సరిపోయింది. అంటే మాత్రలు పెంచిన బీపీకి నేను ఇంకో మాత్ర రాసి, ఆ మాత్రతోనే కిడ్నీని అంచుకు నెట్టాను. ఎంత భాగం దానిది, ఎంత వయసుది అని విడదీసి చెప్పలేను. "అప్పుడు కవరు అడిగి ఉంటే నేనైతే ఆ మాత్ర రాసేవాణ్ణే కాదు" అని మా అసిస్టెంటు కుర్రాడు అన్నాడు. కుర్రాడైనా సరిగ్గానే అన్నాడు.

మందుల దుష్ఫలితాలు నమోదు చేసే జాతీయ కార్యక్రమానికి ఈ కేసు ఫారం నింపి పంపాను. 1800-180-3024కి రోగులు కూడా నేరుగా ఫోన్ చేయొచ్చని మనలోనే చాలామందికి తెలియదు. మెఫెనమిక్ యాసిడ్‌తో అరుదుగా వచ్చే తీవ్రమైన ఎలర్జీ గురించి 2023లో హెచ్చరిక వచ్చింది ఆ వైపు నుంచే. కూతురి షీటు చూసినప్పుడు అదీ చెప్పాను. నెలకు రెండు రోజులు, ఏదన్నా తిన్నాక అయితే పర్వాలేదు, ఒంటి మీద దద్దురు, జ్వరం వస్తే ఆపి రమ్మన్నాను. నిమెసులైడ్ ముక్క మాత్రం చెత్తబుట్టలో వేశాను. పన్నెండేళ్ళ లోపు పిల్లలకు 2011లోనే నిషేధించిన మందు అది, పక్కింటి పిల్లాడికి జొరమని ఎవరో ఒకరు అడగనే అడుగుతారు. ఇక్కడ వానలు పడితే డెంగీ భయం ఉండనే ఉంది. జ్వరానికి ఆ ఇంట్లో పారాసెటమాల్ తప్ప ఇంకేదీ ఉండకూడదు.

ఇంటికి పోయేటప్పుడు ఆమెకు చెప్పింది కొంచెమే. తలనొప్పి మొదలైన వెంటనే, ముదరక ముందే, పారాసెటమాల్ 500వి రెండు, వాంతి మాత్ర ఒకటి. వారంలో రెండు రోజులకు మించి వద్దు. మోకాలికి పూతమందు, తొడ కండరానికి వ్యాయామం. నొప్పి సూది ఎవరు వేస్తానన్నా వద్దు. ట్రిప్టాన్ రాయలేదు, బీపీ పూర్తిగా అదుపులోకి వచ్చి గుండె పరీక్ష సరిగా ఉన్నాక చూద్దామనుకున్నాను, ఆ అవసరం రాలేదు.

లెక్క ఎలా రాయాలో ఆమే చెప్పింది. వాళ్ళింట్లో క్యాలెండరు మీద రోజూ పొద్దున, సాయంత్రం పాల లీటర్లు రాస్తారు. తల నొచ్చిన రోజు ఆ గడిలో కుంకుమ బొట్టు, మాత్ర పడిన రోజు పసుపు బొట్టు. మూడు నెలల తర్వాత ఆ క్యాలెండరునే చుట్టచుట్టి తెచ్చింది. మూడో నెలలో కుంకుమ బొట్లు ఆరు, పసుపువి నాలుగు. హిమోగ్లోబిన్ 11.2. ఒక గడిలో రెండు పసుపు బొట్లున్నాయి. అదేంటని అడిగితే, చెల్లెలి కొడుకు పెళ్ళి, మైకు చప్పుడు అంది.

లేచి పోతూ గుమ్మం దగ్గర ఆగింది. "వచ్చే పెరటాసికి శ్రీవారి మెట్టు ఎక్కొచ్చునా మేడం? అది దగ్గిర కదా."

అవి 2,388 మెట్లు. ఎక్కొచ్చు అన్నాను. ఒక్కపొద్దున్నా మజ్జిగ, నీళ్ళు మానొద్దని, ముందురోజు నాకు ఫోన్ చేయమని, పోయేటప్పుడు కూతురి సంచీ కూడా ఒకసారి వెతకమని చెప్పాను.